మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో ఎగిరే పురుగుల బొమ్మలు: కాళ్లు ఎన్ని పెట్టినా ఒప్పుకోవాలా?

పొదలకూరు టీచరు | నవంబరు 3, రాత్రి 8:15

అందరికీ నమస్కారం. పొదలకూరు దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ నడుపుతున్నాను. పద్ధెనిమిది మంది పిల్లలు. మూడేళ్లు నిండిన వాళ్ల నుంచి వచ్చే ఏడాది ఒకటో తరగతికి వెళ్లే వాళ్ల వరకు ఉన్నారు. ఎక్కువమంది నిమ్మతోటల్లో కాయ కోసే కూలీల పిల్లలు.

వానలు మొదలైనప్పటి నుంచి మా కేంద్రం చుట్టూ ఎటు చూసినా ఎగిరేవే. పొద్దున తూనీగలు, అన్నం వేళకు ఈగలు, మబ్బు పట్టి దీపం వేస్తే ఉసిళ్లు. నేను పాట పాడుతుంటే పిల్లల కళ్లు కిటికీలో ఉంటాయి. వాళ్ల చూపు ఎటుంటే పాఠం అటే పోనీ అనుకుని ఈ నెలంతా వాటి బొమ్మలే చేయిద్దామని నిశ్చయించుకున్నాను.

మొన్న శనివారం చెరువు మట్టి పిసికి, చీపురు పుల్లలు విరిచి ఇచ్చి, తూనీగను చేయమన్నాను. ఒకడు తోకకు రెక్కలు గుచ్చాడు. ఇంకొకడు పన్నెండు కాళ్లు పెట్టాడు, ఎందుకంటే చేతిలో పన్నెండు పుల్లలు మిగిలాయి. ఒక పాప నాలుగు కాళ్లు పెట్టి, ముందు రెండు కొమ్ములు పెట్టింది. ఇది తూనీగేనా అంటే "మా గేదె లాంటి తూనీగ" అంది. ఆ ధైర్యానికి నాకు మాట రాలేదు.

నా సందేహం ఇది. వీటిని ఇలాగే ఉంచాలా, దిద్దాలా? దిద్దితే ఉత్సాహం చల్లారుతుందేమోనని భయం. దిద్దకపోతే తప్పు నేర్పినట్టేనేమోనని ఇంకో భయం. అలాగే ఖర్చు లేకుండా దొరికే సామాను ఏమైనా ఉంటే చెప్పండి. రంగు అట్టలు, మెరుపు కాగితాలు కొనే వీలు లేదు.

మాగుంట లేఅవుట్ అమ్మ | నవంబరు 3, రాత్రి 9:02

టీచరుగారూ, దయచేసి దిద్దకండి. మా పాపకు నాలుగేళ్లు. పోయిన ఏడాది బడిలో సీతాకోకచిలుక బొమ్మ చేసి తెమ్మన్నారు. చేసింది ఎవరు? నేను. రాత్రి పదకొండింటి దాకా కూర్చుని అద్దాలు, మెరుపులు అంటించాను. పాప ఎనిమిదింటికే నిద్రపోయింది. దానికి మొదటి బహుమతి వచ్చింది. పాప చేత ఇప్పించారు గానీ అది నా బహుమతే. పాపను అడిగితే సీతాకోకచిలుక అంటే అట్టతో చేస్తారని చెబుతుంది.

మీ గేదె కొమ్ముల తూనీగ ముందు నా మెరుపుల సీతాకోకచిలుక ఎందుకూ పనికిరాదు.

ఒంగోలు మాస్టారు | నవంబరు 3, రాత్రి 10:20

ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి రిటైరైన వాణ్ని. అమ్మగారి బాధ అర్థమైంది కానీ ఆ సలహాతో ఏకీభవించలేను.

పదో తరగతిలో బొద్దింక బొమ్మ వేయమంటే ఏటా సగం మంది కాళ్లను పొట్టకు తగిలించేవారు. బొద్దింకను చూడని వాళ్లా? రోజూ వంటింట్లో చెప్పుతో కొట్టేవాళ్లే. చిన్నప్పుడు ఎవరో ఒప్పుకున్న బొమ్మ చేతిలో అలా స్థిరపడిపోయింది.

పసివాళ్లకు చెప్పవలసింది కొంచెమే. కీటకం అంటే మూడు ముద్దలు: తల ముద్ద, నడిమి ముద్ద, పొట్ట ముద్ద. పుస్తకాల్లో నడిమి దాన్ని వక్షం అంటారు, ఆ మాట ఇప్పుడు అక్కర్లేదు. కాళ్లు ఆరూ, రెక్కలు నాలుగూ నడిమి ముద్దకే ఉంటాయి. కదిలించే కండరాలన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి. తల మీద కళ్లు, మీసాలు. పొట్టలో తిండి, గుడ్లు. తూనీగకు తోక అని మనం అనుకునేది నిజానికి దాని పొట్ట. తోకకు రెక్కలు గుచ్చిన బాబు పాపం పొట్టకు గుచ్చాడు.

ఎనిమిది కాళ్లు కనిపిస్తే అది కీటకం కాదు. సాలీడు అంతే, తొలకరిలో ఎర్ర మఖమల్ ముక్కలా నేల మీద పాకే ఆరుద్ర పురుగూ అంతే. పేరులో పురుగు ఉన్నా అది సాలీడు వైపు చుట్టం. ఈ ఒక్క లెక్క వస్తే చాలు. కాళ్లు ఎన్ని పెట్టినా సరేనంటే ఇక పురుగును ఎందుకు చేయించడం, మట్టి లడ్డూలు చేయించవచ్చు.

నిమ్మరైతు | నవంబరు 4, ఉదయం 5:35

టీచరమ్మా, మాది మీకు దగ్గర ఊరే. సీతాకోకచిలుక బొమ్మ చేయించాలంటే ముందు దాని పిల్లను చూపించండి. మా లేత నిమ్మ మొక్కల మీద కావలసినన్ని ఉన్నాయి. చిన్నప్పుడు అది అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది, నలుపు మీద తెల్ల చార. పిట్ట కూడా మోసపోయి వదిలేస్తుంది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి నాలుక చీలినట్టు నారింజ రంగు కొమ్ము బయటికి తీస్తుంది, ఒక ఘాటు వాసన కొడుతుంది. పిల్లలు గంతులేస్తారు.

మేము వీటికి మందు కొడతాము, అబద్ధం ఎందుకు. నాటిన మొదటి రెండేళ్లు లేతాకు మిగలనివ్వవు. పెద్ద చెట్లకైతే పట్టించుకోను. ఆదివారం ఒక సీసాలో నాలుగైదు వేసి పంపుతాను. మందు కొట్టని మొక్క మీదివే. ఆకులు కూడా రోజూ మావే కోసుకోండి. బయటి ఆకులు వేస్తే మందు ఉండవచ్చు, చచ్చిపోతాయి.

ఈనెపుల్ల, కనిగిరి | నవంబరు 4, మధ్యాహ్నం 1:10

సామాను సంగతి నాకు వదిలేయండి. పారేసే వాటితో బొమ్మలు చేయడం నాకు పిచ్చి.

ఒళ్లు: మట్టి బాగుంది కానీ ఎండితే కాళ్లు రాలిపోతాయి. మట్టిలో కొంచెం పాత పత్తి గానీ పీచు గానీ కలిపి పిసకండి, పగలదు. కాళ్లకు చీపురు పుల్ల కంటే కొబ్బరి ఈనె మేలు, మోకాలి దగ్గర వంచినా తెగదు. రెక్కలకు రెండు మంచి వస్తువులు ఉన్నాయి. పెళ్లి పత్రికల లోపల పైన కప్పే పల్చటి కాగితం ఒకటి. ఇంకొకటి ఉల్లిపొర. ఎర్రగడ్డ పైపొరను వెలుతురుకు పెట్టి చూడండి, ఈనెలు తీరినట్టు గీతలు ఉంటాయి, తూనీగ రెక్కను పోలిన వస్తువు అంతకంటే దొరకదు. ఒకటే చిక్కు, బాగా ఎండితే పొడి అవుతుంది. కొంచెం తడి చేతితో కత్తిరించాలి.

వేలి కొన మీద నిలబడే తూనీగ కూడా చేయవచ్చు. అట్టతో తూనీగ ఆకారం కత్తిరించి, ముందు రెక్కల చివరలు ముక్కు కంటే ముందుకు, కొంచెం కిందికి వచ్చేలా వంచండి. ఆ చివరలకు చెరొక బఠాణీ అంత మట్టి అంటించండి. ముక్కును వేలి మీద పెడితే పడదు. బరువంతా వేలి కిందికి చేరుతుంది కాబట్టి నిలబడుతుంది. మాస్టారు కోప్పడకముందే చెబుతున్నాను, అసలు తూనీగ రెక్కలు అలా ముందుకు వంగి ఉండవు. ఇది ఆట కోసం.

కావలి సిస్టరు | నవంబరు 4, సాయంత్రం 6:45

ఆసుపత్రిలో నర్సును. అందరూ ఉత్సాహంగా ఉన్నారు, నేను కాస్త నీళ్లు చల్లాలి.

ఐదేళ్ల లోపు పిల్లల చేతికి కళ్ల కోసమని కుంకుడు గింజ, చింతపిక్క, పూస, శనగగింజ ఇవ్వకండి. బొమ్మకు పెట్టమంటే ముక్కులో పెట్టుకుంటారు. శనగగింజ ముక్కులో నానితే ఉబ్బుతుంది, తీయడం మాకు నరకం, పిల్లకు ఇంకా నరకం. ఎర్రగా నల్లచుక్కతో ముద్దుగా ఉన్నాయని గురువింద గింజలు అసలే వద్దు. పెంకు పగిలి నమిలితే ప్రాణానికే ముప్పు. ఆ గింజలో ఉండే విషానికి విరుగుడు మందు లేదు. కళ్లు కూడా మట్టితోనే చేయించండి. కాటుక పెట్టుకోనివ్వండి, సరిపోతుంది.

కందిరీగను, తేనెటీగను సీసాలో పట్టి చూపించే ప్రయోగం పిల్లల ముందు చేయకండి. తూనీగ కుట్టదు, భయం లేదు.

కొత్తపట్నం అమ్మమ్మ | నవంబరు 5, ఉదయం 10:00

(నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.)

మా కాలంలో బొమ్మ తూనీగ ఎవరు చేశారమ్మా. అసలు తూనీగనే పట్టి దాని తోకకు దారం కట్టి ఎగరేసేవాళ్లం. చేతిలో గాలిపటం లాగా తిరిగేది. ఒక్కోసారి తోక తెగి దారం చేతిలో మిగిలేది. అప్పుడు అది తోక అనుకున్నాం. మాస్టారు పొట్ట అని రాసినది మనవరాలు చదివి వినిపిస్తే రాత్రి అన్నం సయించలేదు. డెబ్బై ఏళ్లు దాటాక తెలిసింది.

తాటాకు తూనీగ చెబుతాను. లేత తాటాకు రెండు పాయలు తీసుకోండి. ఒకటి ఒళ్లు, ఈనె తీయకుండా పొడవుగా ఉంచాలి. రెండోదాన్ని ఈనె తీసి రెండుగా చీల్చి, ఒంటికి అడ్డంగా ఒకదాని వెనక ఒకటి ముడి వేయాలి. అవే నాలుగు రెక్కలు. ఒంటి మధ్యలో దారం కట్టి గిరగిరా తిప్పితే బుయ్యిమని మోగుతుంది. ఆకు అంచు కోస్తుంది, ముందు మీరు అంచు గీకి ఇవ్వండి.

తూర్పు గాలి పెట్టగానే సముద్రం ఒడ్డున తూనీగలు గుంపులుగా వస్తాయి. అవి కిందుగా ఎగిరితే వాన అనేవాళ్లు. ఎక్కడి నుంచి వస్తాయో, ఎక్కడికి పోతాయో మాకు తెలియదు.

ఒంగోలు మాస్టారు | నవంబరు 5, రాత్రి 9:30

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు ఈ మధ్యనే దొరికింది. వాటిలో పసుపు ఛాయ ఉండే ఒక రకం ఉంది, పాంటాలా ఫ్లేవెసెన్స్ అని శాస్త్రనామం. మాల్దీవుల్లో ఉండి పనిచేసిన చార్లెస్ ఆండర్సన్ అనే సముద్ర జీవశాస్త్రవేత్తకు ఒక విషయం వింతగా తోచింది. ఆ దీవుల్లో మంచినీటి గుంటలే దాదాపు లేవు, మరి అక్టోబరు రాగానే లక్షల తూనీగలు ఎలా వస్తున్నాయి? ఏళ్ల తరబడి లెక్కలు రాసుకుని 2009లో తన పరిశీలన ప్రకటించాడు. అవి భారతదేశం నుంచి ఈశాన్య గాలులను పట్టుకుని, మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని. పోయిన తూనీగే తిరిగి రాదు. అక్కడి వాన గుంటల్లో గుడ్లు పెడుతుంది, దాని తర్వాతి తరాలు నైరుతి గాలితో తిరిగి వస్తాయి. మీ ఒడ్డున ఎగిరిన వాటిలో ఆ ప్రయాణికులు ఉండి ఉండవచ్చు.

టీచరుగారూ, ఇది పిల్లలకు కథగా చెప్పండి. తాటాకు తూనీగ చేతికిచ్చి చెప్పండి.

పొదలకూరు టీచరు | నవంబరు 9, మధ్యాహ్నం 3:20

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. వారం రోజుల సంగతి చెబుతాను.

మాస్టారు చెప్పినట్టు మూడు ముద్దలు నేర్పాను. అమ్మగారు చెప్పినట్టు దిద్దలేదు. రెండూ ఎలా కుదిరాయంటే, గురువారం ఒక తూనీగను పట్టి గాజు సీసాలో పెట్టి, వాళ్ల మట్టి తూనీగల మధ్యలో ఉంచాను. "మన తూనీగలన్నీ వచ్చాయి, ఇది వాటికి కొత్త స్నేహితుడు, ఎవరు దీనిలా ఉన్నారో చూడండి" అన్నాను. ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత పన్నెండు కాళ్ల వాడు తన బొమ్మ తీసుకుని పక్కకు వెళ్లి చప్పుడు చేయకుండా ఆరు పుల్లలు పీకేశాడు. ఎవరూ చెప్పలేదు. గేదె తూనీగ పాప మాత్రం సీసాలో దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి కొమ్ములు ఇంకా రాలేదు" అంది.

దాని బొమ్మ అలాగే కిటికీ మీద ఉంచాను. తూనీగను పది నిమిషాల తర్వాత వదిలేశాం.

ఒక నష్టం జరిగింది. రెక్కలు అంటించడానికి మైదా ఉడికించి జిగురు చేశాను. పద్ధెనిమిది తూనీగలను అలమరలో పెట్టి తాళం వేసి వెళ్లాను. పొద్దున చూస్తే ఉల్లిపొర రెక్కలు ఒక్కటీ లేవు. బొద్దింకలు జిగురుతో సహా తినేశాయి. పిల్లలు ఏడవలేదు, "తూనీగను బొద్దింక తినింది" అని ఇంట్లో అందరికీ చెప్పుకున్నారు. జిగురుకు వేరే దారి చెప్పండి.

ఈనెపుల్ల, కనిగిరి | నవంబరు 9, సాయంత్రం 4:05

పుస్తకాలు కుట్టేవాళ్లు ఆ జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు ముట్టదు. కానీ అది విషం, పిల్లల దగ్గర వద్దు, సిస్టరుగారు నన్ను ఉతికేస్తారు. తుమ్మజిగురు నీళ్లలో రాత్రంతా నానబెట్టి వాడండి. అసలు జిగురే లేకుండా, మట్టి పచ్చిగా ఉన్నప్పుడే రెక్క మొదలును ఈనెకు చుట్టి గుచ్చేయండి. అలా గుచ్చితే రెక్కను వెనక్కీ ముందుకూ తిప్పవచ్చు కూడా. తూనీగ నాలుగు రెక్కలనూ విడివిడిగా ఆడిస్తుంది కదా, అందుకే గాలిలో ఉన్నచోటే నిలబడుతుంది, వెనక్కి కూడా పోతుంది. అంటించిన రెక్కకు ఆ సుఖం లేదు.

మాగుంట లేఅవుట్ అమ్మ | నవంబరు 9, రాత్రి 8:50

"దీనికి కొమ్ములు ఇంకా రాలేదు" అన్న మాట మా ఇంట్లో ఇప్పుడు సామెత అయిపోయింది. మా ఆయన కూర చప్పగా ఉంటే అదే అంటున్నారు.

మాస్టారూ, చూశారా? దిద్దకుండానే దిద్దుకున్నారు.

ఒంగోలు మాస్టారు | నవంబరు 9, రాత్రి 9:40

చూశాను. సీసా తెచ్చిపెట్టింది టీచరుగారు కదా. సీసా లేకపోతే ఆ పుల్లలు పన్నెండూ పదో తరగతి దాకా వచ్చేవి. సరే, ఆరు పుల్లలు పీకిన బాబును మెచ్చుకోవలసిందే.

పొదలకూరు టీచరు | నవంబరు 15, సాయంత్రం 5:30

ఈ రోజు నేను తలదించుకున్నాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ వారం ఎవరికి ఇష్టమైన పురుగును వాళ్లను చేయమన్నాను. ఐదేళ్ల బాబు ఒకడు ఈగను చేశాడు. మాటలు తక్కువ, అందరూ తిని వెళ్లాక కూడా పళ్లెం ముందు కూర్చుని ఉండే రకం. మూడు ముద్దలు సరిగ్గా వచ్చాయి, ఆరు కాళ్లు వచ్చాయి, కళ్లు మాత్రం తలంత పెద్దవి పెట్టాడు. రెక్కలు రెండే పెట్టాడు. నేను పక్కన కూర్చుని "నాన్నా, రెక్కలు నాలుగు కదా, ఇంకో రెండు పెడదామా" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. ఇంకోసారి చెప్పాను. వాడు ఒప్పుకోలేదు. నేనే రెండు ఉల్లిపొర రెక్కలు కత్తిరించి వాడి ఈగకు గుచ్చాను. వాడు ఏమీ అనలేదు. నేను అటు తిరగగానే తీసేశాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఒక ఈగ మీద గాజు గ్లాసు బోర్లించాను, వాడికి చూపించి ఒప్పిద్దామని. భూతద్దం పెట్టి చూశాను. మళ్లీ చూశాను. రెండే రెక్కలు.

వాడు రోజూ పళ్లెం ముందు కూర్చుని చూస్తున్నది ఇదన్నమాట. వాడి ముందే "నువ్వు చెప్పింది నిజం, నేను తప్పు చెప్పాను" అన్నాను. వాడు నవ్వలేదు కూడా, అది ముందే తెలిసిన సంగతి అన్నట్టు నా చేతిలో భూతద్దం తీసుకున్నాడు. మాస్టారూ, నాలుగు అన్నది మీరే కదా?

ఒంగోలు మాస్టారు | నవంబరు 15, రాత్రి 7:15

అన్నది నేనే. పసిపిల్లలకు కదా అని లెక్కను కుదించి చెప్పాను, అది మీ చేత ఆ బాబుకు తప్పు చెప్పించింది. వాడికి నా తరఫున క్షమాపణ చెప్పండి. నిజంగా చెప్పండి.

ఈగ, దోమ, చెవి దగ్గర రొద పెట్టే జోరీగ, ఇవన్నీ ఒక కుటుంబం. వీటికి రెక్కలు రెండే. వెనక ఉండవలసిన జత కుంచించుకుపోయి, పుల్ల చివర చుక్క పెట్టినట్టు రెండు చిన్న గుబ్బలుగా మిగిలింది. అవి దండగ కాదు. రెక్కలు ఆడేటప్పుడు అవీ ఆడతాయి, ఒళ్లు ఎటు ఒరుగుతోందో ఈగకు తెలియజేస్తాయి. వాటిని తీసేస్తే ఈగ నిలకడగా ఎగరలేదు. మీ చేతి దెబ్బ తప్పించుకుని అది గాలిలో పల్టీ కొట్టడం వెనక వాటి పనే ఉంది. ఇంటి ఈగలో అవి రెక్కల మొదట్లోని తెల్ల పొర కింద దాగి ఉంటాయి. వానాకాలం గోడ మీద వాలే పొడుగు కాళ్ల పురుగు ఒకటి ఉంటుంది, పెద్ద దోమలా ఉంటుంది కానీ కుట్టదు. దానిలో ఈ గుబ్బలు కంటికే కనబడతాయి. బాబుకు చూపించండి. రెండు ఈనె ముక్కల చివర మట్టి చుక్కలు పెట్టి వాడి ఈగకు వాడే గుచ్చుకుంటాడు, ఒప్పుకుంటే.

ఇక మిగతా పురుగుల రెక్కల సంగతి. పేడపురుగు, మిణుగురు లాంటి వాటికి ముందు రెక్కలు గట్టి పెంకులుగా మారాయి, వెనక జతతో ఎగురుతాయి. ఉసిళ్లకు నాలుగూ ఒకే కొలత, ఎగిరి నేల మీద వాలగానే రాల్చేస్తాయి, పొద్దున వాకిట్లో మీరు ఊడ్చేవి అవే. ఇంత తెలిసీ నాలుగు అని ఒక్క ముక్కలో చెప్పినందుకు నా చెవి నేనే పిండుకుంటున్నాను.

కావలి సిస్టరు | నవంబరు 15, రాత్రి 8:00

మాస్టారు క్షమాపణ అడగడం చూసి సంతోషమేసింది. ఈగ గ్లాసును మాత్రం సబ్బుతో కడగండి.

పొదలకూరు టీచరు | నవంబరు 18, సాయంత్రం 6:10

బాబుకు చెప్పాను. "ఆ తాత ఈగను చూడలేదా?" అన్నాడు.

ఇప్పుడు ఇంకో చిక్కు. ఒక పాప దోమను చేసింది, రెండు రెక్కలతో, బాగుంది. పక్కనున్న పాప "దోమ మా నాన్న వరి తాగేసింది, మనుషుల్ని కుట్టదు" అంది. ఇద్దరూ జుట్లు పట్టుకున్నారు. నాకూ జవాబు తెలియలేదు.

నిమ్మరైతు | నవంబరు 19, ఉదయం 5:20

ఇద్దరూ నిజమే చెప్పారు. వరిలో వచ్చేది సుడిదోమ. పేరు దోమే గానీ కుట్టే దోమకు దీనికి సంబంధం లేదు. గోధుమ రంగులో గింజంత ఉంటుంది, దుబ్బు మొదట్లో నీళ్ల పైన గుంపుగా చేరి రసం పీలుస్తుంది. పైరు అక్కడక్కడ సుడి తిరిగినట్టు గుండ్రంగా ఎండిపోతుంది. పైనుంచి చూస్తే చేను బాగానే ఉంటుంది, దుబ్బు విడదీసి చూస్తే తప్ప తెలియదు. మా అన్న ఒక ఏడు అలాగే మోసపోయాడు.

ఒంగోలు మాస్టారు | నవంబరు 19, ఉదయం 9:00

రైతుగారు చెప్పింది సరైనది. అది నల్లి వైపు బంధువు, రెక్కలు నాలుగు. ఒకే రకంలో పొడుగు రెక్కలవీ, పొట్టి రెక్కలవీ కూడా ఉంటాయి. తిండి బాగున్నప్పుడు పొట్టి రెక్కలవి అక్కడే ఉండి గుడ్లు పెడతాయి, పైరు పాడయ్యాక పొడుగు రెక్కలవి వేరే చేనికి లేచిపోతాయి. మనుషుల్ని కుట్టే దోమలోనైనా కుట్టేది ఆడదే, గుడ్లకు రక్తం కావాలి కాబట్టి. సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ పొట్ట కోసి మలేరియా క్రిమిని చూసింది 1897 ఆగస్టు 20న. ఆ పాపలకు ఇవన్నీ వద్దు. ఒకరు రెండు రెక్కల దోమ, ఇంకొకరు నాలుగు రెక్కల దోమ చేస్తే జుట్లు వదులుతారు.

మాగుంట లేఅవుట్ అమ్మ | నవంబరు 20, మధ్యాహ్నం 2:30

మా ఇంట్లో కూడా మొదలైంది. ఈసారి పాపే చేసింది, నేను చేతులు వెనక్కి కట్టుకుని కూర్చున్నాను. తేనెటీగ. రెక్కలు రెండా నాలుగా అని చనిపోయి కిటికీ దగ్గర పడి ఉన్నదాన్ని చూశాం. మొదట రెండే అనిపించింది. పుల్లతో కదిపితే నాలుగు! ముందు రెక్కకూ వెనక రెక్కకూ ఏదో పట్టు ఉన్నట్టుంది, కలిసి ఒకటిగా కనబడుతున్నాయి. మాస్టారూ, ఏమిటది?

ఒంగోలు మాస్టారు | నవంబరు 20, మధ్యాహ్నం 3:15

కొక్కేలు. వెనక రెక్క ముందంచున వరుసగా సన్నటి కొక్కేలు ఉంటాయి, ముందు రెక్క మడతకు తగులుకుంటాయి. ఎగిరేటప్పుడు రెండూ ఒక్క రెక్కలా పనిచేస్తాయి.

మాగుంట లేఅవుట్ అమ్మ | నవంబరు 20, మధ్యాహ్నం 3:40

అయితే నా పాత జాకెట్టు హుక్కులు పనికొచ్చాయి. రెండు హుక్కులు, రెండు కంటెలు, గుడ్డ రెక్కలు. కుట్టింది నేను, తగిలించడం విప్పడం పాప. పొద్దుటి నుంచి నలభై సార్లు తగిలించింది.

ఈనెపుల్ల, కనిగిరి | నవంబరు 22, రాత్రి 10:45

రెక్క ఎలా ఆడుతుందో చూపించే బొమ్మ ఒకటి కుదిరింది. మూడు రోజులు పట్టింది.

చాలా పురుగుల్లో రెక్కలో కండరం ఉండదు. నడిమి ముద్ద ఒక డబ్బా అనుకోండి. లోపల కండరాలు డబ్బా మూతను కిందికి లాగితే రెక్కలు పైకి లేస్తాయి, మూత మళ్లీ ఉబ్బితే రెక్కలు కిందికి దిగుతాయి. ఎద్దుబండి నొగ లాగా, ఒక కొన దిగితే ఇంకో కొన లేస్తుంది. తూనీగ మాత్రం వేరు, దాని కండరాలు నేరుగా రెక్కల మొదళ్లనే లాగుతాయి.

కళ్లున్న వైపు కొబ్బరి చిప్ప తీసుకోండి. మూడు కళ్లలో మెత్తటిదాన్ని మేకుతో పొడిస్తే బెజ్జం అవుతుంది. చిప్ప నోటికి బుడగ రబ్బరును బిగువుగా లాగి దారంతో కట్టండి. రబ్బరు మధ్యలో లోపలి వైపు ఒక దారం అంటించి, ఆ దారాన్ని కన్నులోంచి బయటికి తీయండి. రెండు ఈనెలను చిప్ప అంచు మీద ఆనించి, లోపలి కొనలను రబ్బరు మధ్యలో చెరోవైపు పట్టీతో అంటించండి. బయటి కొనలకు కాగితం రెక్కలు. ఈనె జారకుండా అంచు దగ్గర వదులుగా ఒక దారం ఉచ్చు వేయాలి. లేకపోతే నాలాగే మూడు రోజులు పడుతుంది. కింద దారం లాగితే రెక్కలు లేస్తాయి, వదిలితే దిగుతాయి. తేనెటీగ ఇది సెకనుకు రెండు వందల సార్లకు పైగా చేస్తుంది. నేను ఎంత వేగంగా లాగినా నాలుగు సార్లు దాటలేదు.

కావలి సిస్టరు | నవంబరు 23, ఉదయం 7:00

బాగుంది. పగిలిన బుడగ ముక్కలు మాత్రం గొంతులో అడ్డం పడతాయి, గింజల కంటే ప్రమాదం. బొమ్మ టీచరు చేతిలో, దారం పిల్లల చేతిలో.

పొదలకూరు టీచరు | డిసెంబరు 1, సాయంత్రం 4:50

కొబ్బరి చిప్ప పనిచేసింది. వరుస కట్టి మరీ లాగారు. పర్యవేక్షణకు వచ్చిన మేడం కూడా రెండుసార్లు లాగి, తర్వాత రిజిస్టరు అడిగారు. కిటికీ మీద గేదె తూనీగను చూసి ఇదేమిటన్నారు. పాప వెంటనే "పెద్దదైతే ఇలా వస్తుంది" అని చెప్పింది. మేడం నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను.

అసలు సంగతికి వస్తాను. రైతుగారు పంపిన ఐదింటిలో రెండు చనిపోయాయి, రెండు ఇంకా తింటున్నాయి. ఒకటి పోయిన వారం తినడం మానేసి, సీసాలో పెట్టిన కొమ్మకు అతుక్కుని, నడుము చుట్టూ సన్నటి దారం వేసుకుంది. మరుసటి రోజుకు ఆకుపచ్చ గూడై పోయింది. పిల్లలందరం మట్టితో గూళ్లు చేసి, పుల్లలకు ఆనించి, నడుముకు దారం కట్టాం. ఈగ బాబు దారం బిగువు చాలలేదని మూడుసార్లు విప్పి కట్టాడు. పట్టుపురుగులా చుట్టూ దారం చుట్టబోయిన వాళ్లను వాడే ఆపాడు, నడుముకు ఒక్కటే అని.

నిన్న ఆదివారం. ఈ రోజు తలుపు తీసేసరికి కిటికీ వలకు నల్లటి రెక్కల మీద లేత పసుపు మచ్చలతో సీతాకోకచిలుక కూర్చుని ఉంది. బయటికి వచ్చేటప్పుడు ఒక్కరం కూడా చూడలేదు. వల తీయగానే నిమ్మతోట వైపు పోయింది. పిల్లలందరూ దాని వెంట వాకిట్లోకి పరుగెత్తారు. ఈగ బాబు రాలేదు. లోపల సీసా ముందు కూర్చుని ఖాళీ గూడును చూస్తున్నాడు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాక అడిగాడు: "దారం అలాగే ఉంది. విప్పకుండా ఎలా పోయింది?"

మాస్టారూ, నేను ఈసారి ఏమీ చెప్పలేదు. మీరే చెప్పండి.

ఒంగోలు మాస్టారు | డిసెంబరు 1, సాయంత్రం 5:25

గూడు తల వైపున, వీపు మీద పగులుతుంది. అక్కడి నుంచి ముందుకు జారుకుంటూ వస్తుంది. దారం పెంకుకు కట్టుకున్నది, పురుగుకు కాదు. ఇలాగని నేను అనుకుంటున్నానని చెప్పి, భూతద్దం వాడికివ్వండి. పగులు ఎక్కడుందో వాడే చూసి చెప్పాలి. ఏమన్నాడో నాకు రాయండి.

నిమ్మరైతు | డిసెంబరు 1, రాత్రి 7:40

మిగిలిన రెండింటికి ఆకు చాలుతుందా? రేపు మావాడితో రెండు రెమ్మలు పంపుతాను. మోటారు షెడ్డు పక్క మొక్కకు ఇంకో ఆరు ఉన్నాయి. మందు కొట్టే వాళ్లు గురువారం వస్తారు, అంతకు ముందే వచ్చి తీసుకెళ్లండి.